మరిగే నీళ్లకు ఎంత మంట

నా చిన్నప్పుడు పసుపు ఉడకబెట్టే బాయిలర్లు మా ఆర్మూర్ వైపు ఇంకా రాలేదు. తవ్విన పసుపును చేనులోనే, పెద్ద ఇనుప కడాయిలో నీళ్లు పోసి ఉడకబెట్టేవాళ్లు. కడాయి అందరికీ ఉండేది కాదు. నలుగురైదుగురు రైతులు వంతులవారీగా ఒక్కదాన్నే వాడుకునేవారు. మన వంతు ముగిసిన మర్నాడు తెల్లవారగానే పక్క చేనువాళ్లు వచ్చి తీసుకుపోయేవారు. అప్పటికి మన పసుపు ఉడకకుండా మిగిలితే అది కుప్పలోనే మురిగిపోవాల్సిందే.

ఆ ఏడు మా వంతు చివరి రోజున మధ్యాహ్నం కాకముందే కట్టెలు సగానికి పైగా అయిపోయాయి. పసుపు మాత్రం చాలా మిగిలి ఉంది. మా నాయిన పొద్దుటినుంచి పొయ్యిలోకి తుమ్మ మొద్దులు తోస్తూనే ఉన్నాడు. మంట కడాయి అంచులు దాటి పైకి లేచేది. మంట ఎంత పెద్దదైతే పసుపు అంత తొందరగా ఉడుకుతుందని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం. కట్టెలు మోసి అందించేదాన్ని నేనే. ఆవిరి గుప్పుగుప్పున లేచి కడాయిలో నీళ్లు ఇంకిపోయేవి. అమ్మ బావి నుంచి బిందెలతో చన్నీళ్లు తెచ్చి పోసేది. పోయగానే ఉడుకు ఆగిపోయేది. మళ్లీ మరగాలంటే మళ్లీ మొద్దులు కావాలి.

కట్టెల కుప్ప అడుగుకు వచ్చేసరికి నాయిన కొడవలి పట్టుకుని చేనులోని మా గుడిసె వైపు నడిచాడు. కప్పు వాసాలు పీకి పొయ్యిలో పెడతానన్నాడు. అమ్మ వద్దని ఏడుపు మొదలుపెట్టింది. ఎండాకాలమంతా మేము తలదాచుకునేది ఆ గుడిసెలోనే.

పసుపు పనులకు సాయంగా ఆలూర్ నుంచి వచ్చిన మా మేనత్త అప్పటిదాకా కొమ్ములు ఏరుతూ కూర్చుంది. నాయినకు పెద్దక్క. ఆమె నోటికి మా ఊళ్లో అందరికీ భయమే.

"ఏంది తమ్మీ గా మంట? పసుపు ఉడకవెడుతున్నవా, పీనుగును కాలవెడుతున్నవా?" అంది.

"నీకేం తెలుస్తదక్కా. పొద్దుగూకేసరికి కాకపోతే మొత్తం మురుగుతది."

"అయితే పీకు, గుడిసె పీకు. రేపు ఎండకు పెండ్లాం పిల్లల్ని నీ నెత్తి మీది తువ్వాల కింద కూసోవెడుదువు!"

అత్త కూరకని తెచ్చుకున్న కోడిగుడ్లలో రెండు తీసుకుంది. మూడేసి రాళ్లు పెట్టి రెండు చిన్న పొయ్యిలు చేసి, రెండు గిన్నెల్లో నీళ్లు మరగబెట్టింది. తర్వాత ఒక పొయ్యిలో పుల్లలు ఎగదోసి భగ్గుమనిపించింది. రెండోదాంట్లో పుల్లలు వెనక్కి లాగి, నీళ్లు ఉడుకు మానకుండా ఉండేంత మంట మాత్రం ఉంచింది. రెండిటిలో ఒకేసారి చెరో గుడ్డు వేసి, "ఏది ముందుగాల ఉడుకుతది, చెప్పు బిడ్డా" అని నన్నడిగింది. నేను పెద్ద మంట వైపు చూపించాను. నాయిన కూడా, ఇది అడగాలా అన్నట్టు, అటే చూశాడు.

అత్త ఒక పాన్ నమిలి ఉమ్మేసేదాకా ఆగి, రెండూ ఒకేసారి బయటికి తీసి కొడవలితో మధ్యకు కోసింది. పచ్చసొన రెండింట్లోనూ ఒకేలా గట్టిపడి ఉంది. పెద్ద మంట గిన్నెలో నీళ్లు మాత్రం అడుగంటాయి.

"మరిగే నీళ్లకు నువ్వెంత కాక వెట్టినా అంతే తమ్మీ. ఎక్కువవెట్టిన కట్టె పసుపుకు పోతలేదు, ఆవిరికి పోతున్నది."

నాయిన రెండు గుడ్లూ తినేశాడు. పోయి పొయ్యిలోంచి మొద్దులు వెనక్కి లాగాడు. అమ్మ కడాయి మీద ఎండు ఆకులు దట్టంగా పరిచి, తడి గోనెసంచులు కప్పింది. కొత్తగా పోయాల్సిన నీళ్ల బిందెను అత్త పొయ్యి సెగ పక్కన పెట్టించింది, చన్నీళ్లు పడి ఉడుకు చల్లారకుండా. చివరి కడాయెడు పసుపు నిప్పుల మీద, ఎండు పసుపాకుల మంట మీద ఉడికింది. నాయిన ఒక కొమ్ములో పుల్ల గుచ్చి చూశాడు. మెత్తగా దిగింది. గుడిసె కప్పు జోలికి ఎవరూ పోలేదు.

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆర్మూర్ గ్రంథాలయంలో అడుగుపెట్టింది పెళ్లయి పిల్లలు పుట్టాకే. అక్కడ ఒక భౌతికశాస్త్ర పుస్తకంలో గుప్తోష్ణం అనే మాట చూసినప్పుడు, అత్త కోసిన గుడ్లు కళ్ల ముందు మెదిలాయి. మరుగుతున్న నీళ్లకు ఎంత వేడి ఇచ్చినా వాటి వేడిమి పెరగదు. ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మంచు లాంటి చన్నీళ్లను మరిగించడానికి పట్టే వేడికి ఐదు రెట్లకు పైగా, ఆ నీళ్లనే ఆవిరి చేయడానికి పడుతుంది. ఇంకో పుస్తకం తీశాను, ఇంకోటి తీశాను. నీరు తొందరగా వేడెక్కదు, తొందరగా చల్లారదు. అందుకే మే నెల ఎండలోనూ నిండు చెరువులో చేప బతుకుతుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కనుక మనమూ అలాగే తట్టుకుంటాం. ఎండ మరీ ఎక్కువైతే చెమట పడుతుంది. ఆ చెమట ఆవిరవుతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. అయితే వేడితో పాటు నీరూ పోతుంది. పోయిన నీటిని తిరిగి పోయకపోతే మనిషి పడిపోతాడు. ఇవన్నీ ఎవరూ చెప్పకుండా నేనే చదివి తెలుసుకున్నందుకు నాకు కొంచెం గర్వమే. మొదటి పాఠం మాత్రం పుస్తకంలోది కాదు.

ఇప్పుడు వంటింట్లోకి నేను వెళ్తే పప్పు పొంగు రాగానే గ్యాస్ తగ్గిస్తాను. "అత్తమ్మ వచ్చిందంటే సిలిండర్‌కు ఆయుష్షు వెరుగుతది" అని కోడలు నవ్వుతుంది. ఎండాకాలంలో కూలీలు చేనులో పసుపు ఆరబోస్తుంటే కుండ పట్టుకుని నేనే వెళ్తాను. దప్పికైందా అని అడగను. వాళ్ల వీపుల మీద చొక్కాలు తడిసి ఉంటే గ్లాసు ముంచి చేతికిస్తాను, తాగేదాకా అక్కడే నిలబడతాను.