అందరికీ అవునన్న పెద్దమనిషి

నేను ఏడో తరగతిలో బడి మానేస్తే మా పంతులుగారి తలనొప్పి తగ్గిందట. బళ్లో ఉన్నన్నాళ్లూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఇన్నాళ్లకు అడగాలనే బుద్ధి పుట్టింది. ఈసారి బలైంది ఫోన్లోని ఏఐ.

సంగతి కాలవ నీళ్లది. కారంపూడి దగ్గర మా మిరప చేనూ, వరసకు బాబాయి అయ్యే పక్క రైతు చేనూ ఒకే పిల్లకాలవ కింద ఉన్నాయి. నీళ్లు వంతుల మీద పారతాయి. ముందు ఆయన, తర్వాత నేను. మొన్న ఆయన వంతు సగంలో ఉండగా పైన కాలవ కట్టేశారు. మళ్లీ వదిలేసరికి నా వంతు రోజు వచ్చింది. నా చేను పూత మీదుంది, మొక్కలు తలలు వాల్చేశాయి. ఇప్పుడు తడి పెట్టకపోతే పూతంతా రాలిపోతుంది. బాబాయి చేనూ అలాగే ఉంది. కాకపోతే అది బాబాయి చేను.

మా వైపు తగాదా వస్తే ఎవరి పెద్దమనిషిని వాళ్లు తెచ్చుకుంటారు. నేను ఏఐని తెచ్చుకున్నాను. దానికైతే టీలు పోయించక్కర్లేదు.

ముందు అది గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. గట్టెక్కితే సిగ్నల్ వచ్చింది. ఇంగ్లీషులో మొదలెట్టింది, తెలుగులో చెప్పమన్నాను. నీటి విలువ, పొదుపు, సహనం అంటూ ఊరూరా ఆగే బస్సులా నడిచింది. రెండు ముక్కల్లో చెప్పమంటే దారికొచ్చింది. ఇవాళ వంతు మీదైతే నీళ్లు మీకే రావాలంది.

ఆ తీర్పు పట్టుకుని బాబాయి దగ్గరికి పోయాను. ఆయన నింపాదిగా జేబులోంచి తన ఫోన్ తీశాడు.

"నేనూ పొద్దున్నే అడిగాలేరా అబ్బాయ్. సగం వంతుకే నీళ్లు ఆపడం అన్యాయమంది. చానా మర్యాద తెలిసింది."

రెండు పక్షాలకూ ఒకడే పెద్దమనిషి. నా ఫోన్‌లోదే చెడిపోయిందనుకుని, ఫోన్ ఆపి మళ్లీ వేశాను. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాను. కొత్తగా తెరిచి, "ఇవాళ వంతు నాదేగా?" అన్నాను. మీదేనండి అంది. రోగం కుదిరిందని సంబరపడ్డాను.

అన్నం తెచ్చిన మా ఆవిడ ఇదంతా చూస్తూ నిలబడింది.

"కాలవ మధ్యలో కట్టేశారని చెప్పావా దానికి?"

"అదడగలేదుగా."

"ఏందీ, అడిగితేగానీ చెప్పవా? ఇటియ్యి."

ఫోన్ లాక్కుంది. ఎవరు మనవాళ్లో చెప్పకుండా, జరిగింది జరిగినట్టు బాబాయి ఎదుటే దానికి చెప్పింది. ఆగిన వంతు తీరాకే తర్వాతవాళ్లకు నీళ్లనే ఊరి కట్టుబాటు కూడా చెప్పింది. అయితే సగంలో ఆగినవారు ముందు పూర్తి చేసుకోవాలి, వెంటనే రెండోవారికి వదలాలి అంది ఏఐ. బాబాయి పార భుజాన వేసుకున్నాడు.

సాయంత్రానికి ఆయన తడి అయిపోయింది. తనే మడవ తిప్పి నీళ్లు నా చేలోకి వదిలాడు. కొంత పూత రాలింది, మిగతాది నిలబడింది.

బురద కాళ్లతో గట్టు మీద కూర్చుని, "దాన్ని బాగుచెయ్యడం నీకెట్టా తెలిసిందే?" అని అడిగాను.

"దానికేం రోగం లేదు. తలూపేది కావాలంటే గంగిరెద్దుకు చేటెడు నూకలేస్తే సరిపోయేది. కాదనేది కావాలంటే ఇంట్లో నేనున్నా. రీఛార్జి కూడా అక్కర్లేదు."