ఓవెన్‌లో మూకుళ్లు, అమ్మ చేసే మామిడి పై

మీ ఇళ్లలోనూ ఓవెన్ అంటే మూకుళ్లు దాచుకునే అలమరే కదా? ఇవాళ నా అపార్ట్‌మెంట్‌లో తెరిస్తే నావీ అక్కడే ఉన్నాయి.

అమ్మ ఏడాదికొక్కసారి, ఇక్కడి అమెరికా పండగ థాంక్స్‌గివింగ్‌కి, తన ఓవెన్‌లోని మూకుళ్లన్నీ బయటికి తీసి మామిడిపండు గుజ్జుతో కస్టర్డ్ పై అనే తీపి వంటకం కాల్చేది. ఇల్లంతా ఏలకుల వాసన. నాకు పదిహేనేళ్లప్పుడు నాలుగు కరపత్రాలు చదివి, "ఇక్కడి ఆదివాసుల దగ్గర దోచుకున్న నేల మీద పండగేంటి? నేను తినను," అని అరిచి ప్లేటు తోసేశాను.

"పండగ ఇవాళేగా నాన్నా. రేపు తిను," అంది అమ్మ.

పంతంకొద్దీ మర్నాడూ తినలేదు. ఆ తర్వాత ఆ మామిడి పై చేయడమే అమ్మ మానేసింది.

నేల గురించి అన్న మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. అమ్మ మీద అరవడం మాత్రం తప్పు. అందుకే ఇందాక ఫోన్ చేశాను. "ఈసారి మామిడి పై నేను చేసి తెస్తా. పండగ మర్నాడు తిందామా?"

"పండగరోజే రా. నీ ఉపన్యాసం అయ్యాకే కోద్దాం," అంది.

మూకుళ్లు బయటికి తీశాను. ఓవెన్ వేడెక్కుతోంది.