రాని జాబితా

ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కృపారాణికి వెబ్ పేజీలు తయారుచేయడం ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, తప్పులు చేసి, తనే నేర్చుకుంది. నేర్చుకున్నాక మొదట చేసింది రక్తదాతల పేజీ. ఉదయగిరి, దుత్తలూరు, కలిగిరి, చేజర్ల తిరిగి, ఆరాధన అయ్యాక చర్చి గుమ్మాల్లో నిలబడి, నూట నలభై మంది పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు తీసుకుంది.

మొదట్లో అన్నీ ఒకే పేజీలో ఉండేవి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో అది తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది.

“ఏంది పాపా, నీ పేజీ ఎద్దుబండి మాదిరి ఉండాది” అనేవాడు అన్న జయపాల్.

అతని మాట మీదే పద్ధతి మార్చింది. ఇప్పుడు పేజీ పైభాగం టక్కున వచ్చేస్తుంది. మండలం, రక్తం గ్రూపు ఎంచుకుంటే కింద జాబితా ఉండే చోటు మాత్రం సర్వర్ నుంచి పేర్లు తెచ్చుకుని నిండుతుంది. తెచ్చుకునేంతసేపూ అక్కడ ఒక చిన్న గుండ్రం తిరుగుతూ ఉంటుంది. జయపాల్ మురిసిపోయి తెలిసినవాళ్లందరికీ పంపించాడు.

నిరుడు మార్చిలో జయపాల్ భార్య లిదియకు ఉదయగిరిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన కాసేపటికే రక్తస్రావం మొదలై ఆగలేదు.

“నెల్లూరు తీసుకుపోండి. ఈమెది ఓ నెగటివ్ రక్తం, దొరకడం కష్టం, ఇచ్చే మనిషిని వెంటబెట్టుకుని పోతే మంచిది” అంది డాక్టరమ్మ.

అంబులెన్సు ఎక్కి జయపాల్ చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆమె పరీక్ష హాల్లో కాపలా డ్యూటీలో ఉంది. ఫోను ఆఫీసు బీరువాలో ఉంది. అప్పుడతను పేజీ తెరిచాడు.

పరీక్ష ముగిసి కృపారాణి తిరిగి ఫోన్ చేసేసరికి బండి ఆత్మకూరు మీదుగా పోయి సంగం కూడా దాటింది. నెల్లూరు చేరకముందే లిదియ ప్రాణం పోయింది.

సమాధి చేసిన మూడోనాడు జయపాల్ మామూలుగానే చెప్పాడు.

“నీ పేజీ తెరిచినాను పాపా. పైన అంతా వచ్చింది. గ్రూపు నొక్కేసరికి సిగ్నల్ పోయింది, కింద గుండ్రం తిరగతానే ఉండాది. వస్తాదిలే అని చూస్తా కూర్చున్నా. ఆత్మకూరు కాడ సిగ్నల్ నిండుగా ఉన్నింది. అయినా తిరగతానే ఉండాది.”

కృపారాణి గదిలోకి పోయి తలుపేసుకుంది. ఫోన్‌లో పేజీ తెరిచి, నెట్ ఆపి గ్రూపు నొక్కింది. గుండ్రం తిరిగింది. నెట్ మళ్లీ పెట్టింది. అయినా తిరుగుతూనే ఉంది. పేర్లు మొదటిసారి రాకపోతే మళ్లీ అడగమని, రాలేదని మనిషికి చెప్పమని ఆమె ఎక్కడా రాయలేదు. పేజీని ఒక్కసారి కొత్తగా తెరిచి ఉంటే జాబితా వచ్చేది. అందులో ఓ నెగటివ్ కింద మొదటి పేరు సాయికిరణ్‌ది. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా టైర్ల షాపు అతనిది. బండి ఆ షాపు ముందునుంచే పోయింది.

ఆ వారమే పేజీ సరిచేసింది. ఇప్పుడు పది సెకన్లలో జాబితా రాకపోతే రాలేదని పెద్ద అక్షరాల్లో చెబుతుంది. ప్రతి మండలానికీ కొన్ని నంబర్లు పేజీలోనే ముందుగా కనబడతాయి.

తర్వాత అన్న దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పింది.

“నాకు తెలీదు కదా పాపా. తెలీకుండానే ఉంటే బాగుండు” అన్నాడు జయపాల్.

ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమె ఏడ్చేది.

బిడ్డను తీసుకుని అతను దుత్తలూరులో అత్తగారింటికి పోయాడు. పేరు పెట్టే రోజున చెల్లెల్ని పిలవలేదు. తల్లి హన్నమ్మ పోయి వచ్చి, షారోను అని పెట్టినారని చెప్పింది. బిడ్డది ఎవరి పోలిక అని కృపారాణి అడగలేదు. తల్లీ చెప్పలేదు.