అరిగిన వెండి రూపాయిలు, అత్తమ్మా నేనూ

బడి నుంచి ఇంటికొచ్చేసరికి నా వెండి రూపాయిలన్నీ వంటింటి గడప పక్కన స్టీలు పళ్లెంలో తళతళ మెరిసిపోతున్నాయి. పక్కనే చింతపండు పిప్పి, గుప్పెడు బూడిద, పాత పీచు. మా అత్తమ్మ చిన్న పీట మీద కూర్చొని, ఆఖరి రూపాయిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని తోముతోంది.

"అత్తమ్మా!" అన్నాను. అన్నాననే అనుకున్నాను గానీ, పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసిందంటే అరిచే ఉంటాను.

"గింత లొల్లి ఎందుకే బిడ్డా? బీరువల నీ చీరెల కింద దొరికినై. నల్లగ మసి వట్టి ఉన్నై. ఎవ్వలు దాసిండ్రో ఏమో, ఉత్తగ ఉన్న గదా అని తోముతున్న."

దాచింది నేనే. రెండేళ్లుగా దాస్తున్నాను. నేను పెద్దపల్లిలో హిందీ టీచర్ని. మా ఆయన మస్కట్‌లో ఎలక్ట్రీషియన్. ఆయన పంపే డబ్బు ఇంటికీ, నా జీతం పిల్ల చదువుకీ పోతాయి. సాయంత్రం ట్యూషన్లలో వచ్చేదాంట్లోంచి నెలకు వెయ్యి రూపాయలు మాత్రం నావి. ఒకసారి పట్టీల కొక్కెం బాగు చేయించడానికి మా వీధి చివర వెండిపని చేసే అవుసలాయన దుకాణానికి వెళ్లాను. ఆయన ఎవరో అమ్మిపోయిన పాత రూపాయిల్ని కరిగించడానికి మూసలో వేయబోతున్నాడు. ఒకదాని మీద రాణి బొమ్మ ఉంది. ముక్కు పూర్తిగా అరిగిపోయింది, అయినా మొహం మీద ధీమా పోలేదు. "అయ్యో, ఆమెను ఎట్ల కరగవెడతరు?" అనేశాను. అట్లా మొదలైంది.

అప్పుడు వెండి ధర ఇప్పటిలా మండిపోయేది కాదు. కొత్తదానిలా మెరిసే పాత రూపాయి కావాలంటే వేలు పోయాలి. అరిగినవైతే వెండి ధరకు పైన కాస్త ఇస్తే వచ్చేవి. రాజుగారి గడ్డం చదునైపోయినవి, అంచులు నున్నబడినవి, మెడలో దండకు గుచ్చడానికి కొక్కెం అతికించి తర్వాత పీకేసినవి. సేకరించేవాళ్లు వాటివైపు చూడరు. నాకు మాత్రం అవే ముద్దు. అరిచేతిలో వేసుకుంటే సబ్బుబిళ్లలా జారేవి. ఎంతమంది వేళ్లు తగిలితే వెండి అంత నున్నగా అవుతుంది!

అయితే ఈ పనిలో అందరూ చెప్పే మొదటి మాట, పాత నాణేన్ని తోమకూడదని. ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపే దానికి విలువ. ఇక్కడ మా అత్తమ్మ మొత్తం నలుపునంతా ఒక్క మధ్యాహ్నంలో చింతపండుకు అప్పగించేసింది. నేను గడప మీద కూలబడ్డాను. ఏడవాలో, ముందు దొంగతనంగా దాచినందుకు సంజాయిషీ చెప్పుకోవాలో తెలియలేదు.

ఆమె నా మొహం చూడనే లేదు. ఒక రూపాయిని వెలుతురుకేసి తిప్పి, "గిది మన దిక్కుదే. చార్మినార్. దర్వాజల ఐన్ ఉన్నది సూడు" అంది.

"ఏముంది?"

"ఐన్. ఉర్దూ అచ్చరం. నోరు తెరిసినట్టు లేదా? గప్పుడు ఏలిన నవాబు పేరుల మొదటి అచ్చరం గది."

చార్మినార్ తలుపులో ఉన్న ఆ గీతను నేను రెండేళ్లు ఫోన్లో పెద్దది చేసి చేసి చూశాను. మొదట కాపలావాడు అనుకున్నాను, తర్వాత పావురం అనుకున్నాను.

"అత్తమ్మా, మీకు ఉర్దూ వచ్చా?"

"మా బాపు పట్వారీ. ఆయన సదువు అంత ఉర్దూలనే. నన్ను ఒళ్లె కూసుండవెట్టుకోని పలక మీద రాపిచ్చిండు."

"పదిహేనేండ్ల నుంచి ఒక్కసారన్న చెప్పలేదు!"

"ఎవ్వలన్న అడిగిండ్రా?" అని, నా కోపమూ నా రహస్యమూ రెండూ గాల్లో ఉండగానే ఆమె అసలు ప్రశ్న వేసింది. "ఐన్ కంటె ముందు మీమ్ ఉన్నది రావాలె, ఆ నవాబు తండ్రి పేరుల అచ్చరం. గది ఏది?"

అది నా దగ్గర లేదు. లేదని చెప్పగానే ఆమె నావైపు చూసిన చూపు, పెళ్లికి పిలిచి పప్పు వండని వాళ్లను చూసినట్టుంది.

ఆ రోజు నుంచి నా జబ్బు ఆమెకు అంటుకుంది. నాకంటే ముదిరింది. నేను బడికి వెళ్లగానే అవుసలాయన దుకాణానికి పోయి కూర్చునేది. రూపాయిని రాతి గడప మీద జారవిడిచి, మోగిన మోతను కళ్లు మూసుకుని వినేది. "గిది మంచిది. గిది గాదు, గొంతు వట్టింది" అనేది. ఆయన నాతో మొర పెట్టుకున్నాడు. "టీచరమ్మా, మీ అత్త జర పైలం. మొన్న గిరాకి తెచ్చిన కుంకుమ బరిణె గుడ గుంజుకోని కింద ఏసి మోత ఇన్నది."

మీమ్ రూపాయి మాత్రం ఆయన దగ్గరికి రాలేదు. ఇచ్చోడ అంగడిలో పాత వెండి, ఇత్తడి అమ్మే ఒకామె ఉంటుందనీ, ఊళ్ల ఆడవాళ్ల రూపాయిల దండలు తెగితే గుచ్చి ఇస్తుందనీ, ఆమె దగ్గర దొరికితే దొరకొచ్చనీ చెప్పాడు. మాకు ఆదిలాబాద్‌లో బంధువుల గృహప్రవేశం వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండానే ఇచ్చోడలో బస్సు దిగేశాం.

బేరానికి పథకం అంగడికి నడుస్తూ వేశాం. నేను ముందు వెళ్లి రూపాయి అడుగుతాను. కాసేపటికి అత్తమ్మ ఎవరో తెలియని మనిషిలా వచ్చి, "గిదేం వెండి, అంత కల్తి" అని పెదవి విరవాలి. ధర దిగాక నేను కొంటాను. ఈ పథకాన్ని ఆమె నాచేత మూడుసార్లు చెప్పించుకుంది. ప్రతిసారీ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ అమ్మే ఆమె గోనెసంచి మీద ఇత్తడి చెంబులు, మెట్టెలు, కడియాలు పరచుకుని కూర్చుంది. ఒక రేకు డబ్బాలో రూపాయిలు. నాలుగైదు తిప్పాక చార్మినార్ తగిలింది. తలుపులో ఐన్ లేదు. ముడి వేసి తోక వదిలినట్టు చిన్న గీత. ఇదే మీమ్ అయి ఉండాలి.

"ఇదెంత?" అన్నాను, మెట్టెల వైపు చూస్తూ.

"పదిహేను వందలు, బాయి."

"అమ్మో, అంత అరిగిపోయినదానికా? ఏడు వందలిస్త."

"నకో నకో. గట్ల రాదు."

అప్పుడు అత్తమ్మ ప్రవేశించింది. ఎవరో తెలియని మనిషిలా బాగానే నడిచొచ్చింది. నా చేతిలోంచి రూపాయి లాక్కుని, పెదవి విరవడానికి సిద్ధమై, తలుపులోకి చూసింది. పెదవి అక్కడే ఆగిపోయింది.

"మీమ్!" అంది.

నేను గొంతు సవరించుకున్నాను. ఆమె వినలేదు. పక్కనున్న బండ మీద రూపాయిని జారవిడిచింది. ఖంగున మోగింది. ఆమె మొహం పాలు పొంగినట్టు పొంగింది.

"నేను తీసుకుంట. పన్నెండు వందలు" అంది మా అత్తమ్మ.

"నేను ముందొచ్చిన!" అన్నాను, ఇంకేం అనాలో తోచక.

"అయితేంది? పద్నాలుగు వందలు!"

ఆమె నాటకం ఆడుతోందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. లేదు. రూపాయిని పిడికిట్లో పెట్టి గుండెకు ఆనించుకుంది. అందులో నటన రవ్వంత కూడా లేదు. నేను కళ్లతో సైగ చేశాను. కాలితో కాలు తొక్కాను.

"కాలెందుకు తొక్కుతవే పిల్లా! పదహారు వందలు!" అంది. అడిగిన ధర కంటే వంద ఎక్కువ.

అంగడి మనుషులు గుమిగూడారు. అమ్మే ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. చివరికి అంది. "బాయీ, మీ ఇద్దరి జాకెట్లు ఒక్క థాన్ల గుడ్డనే గదా?"

గృహప్రవేశానికని ఇద్దరం ఒకే గుడ్డలో కుట్టించుకున్నాం. నెమలి రంగు, అంచుకు అదే జరీ. నేను నా చెయ్యి వెనక్కి దాచాను. అత్తమ్మ తన జాకెట్టు చూసుకుంది, నాది చూసింది. ముందు ముక్కులోంచి చిన్న మోత వచ్చింది. తర్వాత ఆమె ఆ గోనెసంచి పక్కనే చతికిలబడి, కళ్ల నీళ్లు కారేట్టు నవ్వింది. నేనూ కూర్చుండిపోయాను. అమ్మే ఆమె చెంబును ఒడిలో పెట్టుకుని ఊగి ఊగి నవ్వుతోంది. గుమిగూడినవాళ్లకు సంగతి తెలియకపోయినా నవ్వారు.

"అత్తాకోడండ్లా?" అంది అమ్మే ఆమె.

"అవ్ బిడ్డా" అంది అత్తమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నాకు యాద్ లేకపాయె. మీమ్ కండ్లవడంగనే అంత మర్సిపోయిన."

"నాకు అంగట్ల ఇంత నవ్వు ఎన్నడు రాలే. పన్నెండు వందలియ్యిండ్రి, తీస్కపోండ్రి."

ఇచ్చేశాం. అది నా వెయ్యికి పైన రెండు వందలు. ఆ రెండు వందలూ అత్తమ్మ తన బొడ్లో సంచిలోంచి తీసింది. ఆ క్షణం నుంచి ఆ రూపాయి మా ఇద్దరిదీ అయింది. దాన్ని ఎవరు పట్టుకోవాలన్న దాని మీద రోడ్డు దాకా వాదించుకుంటూ ఉండగా, మా బస్సు మా ముందు నుంచే వెళ్లిపోయింది. ఇద్దరం చెయ్యెత్తాం గానీ ఆ చేతుల్లో అంగట్లో కొన్న మిర్చీ బజ్జీల పొట్లాలు ఉన్నాయి. డ్రైవరు మేము టాటా చెబుతున్నామనుకున్నాడో ఏమో, తిరిగి చెయ్యి ఊపాడు. దానికి మళ్లీ నవ్వు. తర్వాతి బస్సు వచ్చేదాకా హైవే పక్కన నిలబడి కారం మిర్చీలు తింటూ, చేతులు తుడుచుకుంటూ, వంతులేసుకుని ఆ తోకగీతను చూశాం.

మర్నాడు అవుసలాయన దాన్ని తూచి, గీటురాయి మీద రుద్దకుండా అత్తమ్మ అడ్డుపడుతుంటే మోత మాత్రం విని, "అసలుదే" అన్నాడు. ధర అడిగాడు. "పదకొండు వందలు" అంది అత్తమ్మ. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

పక్కింటావిడకు చెప్పినప్పుడు తొమ్మిది వందలైంది. మస్కట్ నుంచి ఫోన్ చేసిన కొడుకుతో ఏడు వందలంది. అంగడిలో తాను పన్నిన ఉపాయానికి అమ్మే ఆమె ఎట్లా పరేషాన్ అయిందో వివరంగా చెప్పింది. ఆయన నాతో, "అమ్మను బేరాలకు రోజూ తీసుకుపో, డబ్బు మిగులుతుంది" అన్నాడు. నేను సరేనన్నాను. మొన్న పాలు పోసే ఆమెకు చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. అందులో నేను అసలు లేనే లేను. రూపాయి ధర నాలుగు వందలు. పైగా అమ్మే ఆమె బతిమాలి ఒక ఇత్తడి చెంబు కూడా ఇచ్చిందట.

"చెంబు ఏది మరి?" అంది పాలామె.

"కోడలు బస్సుల మర్సిపోయింది" అంది మా అత్తమ్మ.