గరిటె దెబ్బ లేని సినిమా

కోటయ్యకు అక్షరాలకంటే ముందు సినిమాలు వచ్చాయి.

అడవులదీవి చివర, ఉప్పుగాలి తాటాకు కప్పులను దువ్వుతూ ఉండే పాలెంలో, ఆ రోజుల్లో సినిమా చూడటమంటే అందరూ కలిసి ఒక మనిషిని పంపటం. తలా కొంచెం వేసుకుని ఒక్క టికెట్‌కు సరిపడా పోగు చేసేవారు. జ్ఞాపకం గట్టిగా ఉన్నవాడిని ఏరి రేపల్లె పంపేవారు. వాడు మ్యాట్నీ చూసి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చి, ఇసుకలో కూర్చుని పాలెం మొత్తానికి సినిమా చూపించేవాడు. నోటితో.

మీసం రాకముందే ఆ పని కోటయ్యకు దక్కింది. అతని గొంతులో వాన కురిస్తే ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కునేవారు. విలన్ తలుపు తోస్తే ముందు వరసలో కూర్చున్నవాళ్లు వెనక్కి జరిగేవారు. పాటలు వరస తప్పకుండా పాడేవాడు, మధ్యలో వాయిద్యాలతో సహా.

దానికి పాలెం ఒక కట్టుబాటు పెట్టింది. చూడనిది చెప్పకూడదు. టికెట్ అందరిదీ కాబట్టి సినిమా కూడా అందరిదీ. చెప్పేవాడు అందులో తనది ఒక్క చినుకైనా కలపకూడదు. కలిపాడని తేలితే మళ్లీ వాణ్ణి పంపరు. కోటయ్యను మళ్లీ మళ్లీ పంపారు.

పెద్దయ్యాక బోటెక్కాడు. నిజాంపట్నం రేవు నుంచి బయల్దేరితే వారం పైనే నీళ్ల మీద. సాయంత్రం వలలు సర్ది, లంగరు వేసి, అన్నం గిన్నె పొయ్యి మీదికెక్కాక, ఆకాశం వంకాయ రంగుకు తిరిగే వేళ అందరూ కోటయ్య చుట్టూ చేరేవారు. బోటు ముందుభాగాన చుట్టగా పడి ఉండే మోకు అతని పీట. దాని మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి.

బోటులో వలలు లాగే కళాసీ బాబి పెద్ద తెర ఉన్న ఫోను కొన్నాడు. ఒడ్డున ఉండగానే సినిమాలు దించుకుని, బోటెక్కి, క్యాబిన్ గోడకు ఫోను వేలాడదీసేవాడు. అందరి మెడలూ అటు తిరిగాయి. మోకు చుట్ట మీద మొదట ఎవరిదో తువ్వాలు ఆరింది, తర్వాత ఉల్లిపాయల సంచి కుదురుకుంది. అందరితోపాటు కోటయ్యా ఫోను చూశాడు. కానీ మోకు పక్కనుంచి నడిచినప్పుడల్లా అతని కాళ్లు ఒక్క క్షణం నెమ్మదించేవి.

ఈ ఏడు ఎండాకాలం వేట విరామంలో అతని భార్య వెంకాయమ్మకు తెనాలిలో కొత్తగా కట్టిన హాలు చూడాలనిపించింది. తెనాలిలో నర్సింగ్ చదువుతున్న కూతురు సంధ్యారాణి తన ఫోను నుంచే టికెట్లు తీసి పంపింది.

"సౌకర్యం రుసుమని వేరే తీసుకున్నారంటగా. మన సౌకర్యానికి మనమే కట్టాలా?" అంది వెంకాయమ్మ ఫోనులో.

"అంతేనమ్మా, అందరూ కడతారు."

"అందరూ అంత సౌకర్యంగా ఉన్నారా పాపం!"

రేపల్లె నుంచి ప్యాసింజర్ బండి. భట్టిప్రోలు దాటాక కిటికీ నిండా పచ్చటి చేలు, కాలవల మీద కొంగల తెల్లని తొందర. వెంకాయమ్మ ఒళ్లో స్టీలు డబ్బా. అందులో జంతికలు, అడుగున పొట్లం కట్టిన వేయించిన ఎండు రొయ్యలు.

హాలు గుమ్మం దగ్గర ఆ డబ్బా ఆగిపోయింది. బయటి తిండి లోపలికి రాకూడదన్నారు. అల్మారాలో పెట్టి, వెళ్లేటప్పుడు తీసుకోమన్నారు.

సినిమా బాగుంది. లారీ నడిపే తమ్ముడు, ఏళ్ల క్రితం తప్పిపోయిన అన్న కోసం రోడ్లన్నీ వెతుకుతుంటాడు. కోటయ్య అలవాటు కొద్దీ ప్రతి మాటా లోపల దాచుకుంటూ పోయాడు. చివరికి కుండపోత వాన. ఎదురుగా ఒక ఎర్ర లారీ వచ్చి ఆగింది. అద్దం దిగింది. లోపల అన్న! తమ్ముడి కళ్లు వెలిగాయి. అన్న చెయ్యి పైకి లేచింది. ఆ చేతిలో తుపాకి. అది తమ్ముడి గుండెకే గురిపెట్టి ఉంది.

ఇంటర్వెల్.

వెంకాయమ్మ పేలాల దుకాణం దాకా వెళ్లి, ధర విని, అంతే వేగంగా వెనక్కి వచ్చింది. "గుప్పెడు మొక్కజొన్న పేలాలకి గంప చేపల ధర చెబుతున్నారయ్యా. పద, మన డబ్బా మనం తిందాం."

బయట మెట్ల మీద కూర్చుని జంతికలు నమిలారు. గంట మోగింది. డబ్బా తిరిగి అల్మారాలో పెట్టి లోపలికి వెళ్లబోతే, గుమ్మంలో కుర్రాడు వాళ్ల ఫోనులోని టికెట్‌ను మిషన్‌కు చూపించాడు. ఎర్ర దీపం వెలిగింది.

"ఇది వాడేసిన టికెట్టండి."

"సగమే వాడాం నాయనా," అంది వెంకాయమ్మ. "మిగతా సగం లోపలే ఉంది."

"ఒక్కసారి గేటు దాటితే అంతేనండి. మళ్లీ తీసుకోదు."

"ఇప్పుడే కదా నీ ముందునుంచి వెళ్లాం? మా మొహాలు గుర్తులేవా?"

"నాకు గుర్తున్నాయి పిన్నిగారూ. మిషన్‌కి గుర్తుండవు."

కుర్రాడి మొహంలోనూ జాలి ఉంది. కానీ జాలికి తలుపు తెరుచుకోలేదు. కోటయ్య కాసేపు హాలు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. గోడ అవతల ఏవో పేలాయి, ఎవరో ఏడ్చారు, ఒక పాట తడి బట్టలా మందంగా వినపడి ఆగిపోయింది. రైల్లో ఇంటికి వచ్చేశారు.

పాలెంలో "సినిమా చూశావంటగా?" అని అడిగారు. "చూశా" అన్నాడు. ఆ ఒక్క మాట సగానికే నిజం.

వేట మళ్లీ మొదలైంది. బాబి ఫోనులో ఈసారి అదే సినిమా ఉంది. అప్పటికే దాన్ని ఫోన్లలోకీ వదిలారు. బోటంతా ఆశగా ఎదురుచూసింది. మొదటి సాయంత్రం వేట జోరుగా ఉండి కుదరలేదు, రెండో సాయంత్రం గాలి. మూడో సాయంత్రం సముద్రం పాలగిన్నెలా నిమ్మళించింది. ఫోను వేలాడింది. బాబి వేలితో నొక్కాడు.

గడువు తీరింది, చూడాలంటే ఇంటర్నెట్‌కు కలపండి అని వచ్చింది.

"డబ్బు కట్టి దించుకున్నానే!" అన్నాడు బాబి.

బోటు డ్రైవరు రంగనాయకులు వంగి చూశాడు. "చుట్టూ నీళ్లేరా. ఇంటర్నెట్ ఎక్కడుందో అడుగు, లంగరు అక్కడేద్దాం."

"కొన్న చేప మూడో పూట నాది కాదన్నట్టుంది మావా ఇది."

"చేపైతే కంపన్నా కొడుతుంది. ఇది అదీ లేదు."

అందరూ నవ్వారు గానీ, ఆ నవ్వు నీళ్ల మీద ఎంతో దూరం పోలేదు. వంట చూసే అంద్రెయ గరిటె తిప్పుతూ అన్నాడు: "కోటయ్యన్న చూశాడుగా! తెనాల్లో."

ఒక్కసారిగా అన్ని మొహాలూ కోటయ్య వైపు తిరిగాయి. ఎవరో ఉల్లిపాయల సంచి పక్కకు జరిపారు. మోకు చుట్ట ఖాళీ అయింది.

కోటయ్య దానివైపు చూశాడు. సగమే చూశానని చెబితే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. కానీ కాళ్లు అప్పటికే నడిచాయి.

మొదటి సగం నదిలా సాగింది. హీరో పాట పాడాడు, వాయిద్యాలతో సహా. బాబి మళ్లీ మళ్లీ వినొచ్చని ఫోనులో వీడియో తీశాడు. వాన కురిసింది, లారీ ఆగింది, అద్దం దిగింది, తుపాకి లేచింది. "ఇంటర్వెల్" అన్నాడు కోటయ్య. అందరూ టీ తాగారు. అతని టీ గ్లాసులోనే చల్లారింది.

"తర్వాత?" అన్నాడు రంగనాయకులు.

తర్వాత ఏమీ లేదు. ఒక ఎర్ర దీపం, ఒక గోడ. కోటయ్య సముద్రం వైపు చూశాడు. దూరంగా మంచులాంటి మసక దిగుతోంది. మంచులో బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా, ఇక్కడున్నామని తెలిసేలా అన్నం గిన్నె మీద గరిటెతో కొడతారు. రెండు దెబ్బలు, కాస్త ఆగి, మళ్లీ ఒక దెబ్బ. వాళ్ల తాతలు కొట్టిన వరస అది.

"అన్నకి చూపు పోయిందిరా," అన్నాడు మెల్లగా.

బోటు కదలడం మానేసినట్టయింది.

"ఎదురుగా ఎవరున్నారో ఆయనకి తెలీదు. శత్రువొచ్చాడని ఎవరో చెప్పారు, గురిపెట్టాడు. తమ్ముడు అన్నా అన్నాడు. వానలో వినపళ్లేదు. అరిచాడు. వినపళ్లేదు. అప్పుడు తమ్ముడు రెంచీ తీసుకుని లారీ తలుపు మీద కొట్టాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న మంచులో కొట్టిన దెబ్బ."

అంద్రెయ చెయ్యి దానంతటదే గిన్నె మీదికి వెళ్లింది. టంగ్, టంగ్. ఆగింది. టంగ్.

"తుపాకి వణికింది," అన్నాడు కోటయ్య. "అన్న లోపల్నుంచి తలుపు మీద వేళ్లతో తిరిగి కొట్టాడు. అదే వరస."

రంగనాయకులు మొహం తుడుచుకున్నాడు. ఉప్పు గాలి, కళ్లు మండుతున్నాయన్నాడు. అప్పుడు గాలే లేదు.

తిరుగు ప్రయాణంలో బాపట్ల ఎదురుగా వచ్చేసరికి సూర్యలంక వైపు ఒడ్డు సన్నటి గీతలా కనపడింది. బాబి ఫోనులోనూ ఒక సిగ్నల్ గీత మొలిచింది. "వచ్చింది, సినిమా తెరుచుకుంది!" అని కేకేశాడు. కోటయ్య ఐసు గది దగ్గర పని ఉందని వెళ్లబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

వాన, లారీ, తుపాకి. అన్నీ అతను చెప్పినట్టే. ఆ తర్వాత తుపాకి పట్టినవాడు అన్న కాదని తేలింది, అన్నలా ఉండే ఇంకొకడు. వెంటనే అందరూ మంచుకొండల్లో డ్యాన్సు చేశారు. చివర్లో చాలా కార్లు తగలబడ్డాయి. అక్షరాలు పడ్డాయి.

కోటయ్య తల వంచుకుని కూర్చున్నాడు. మోకు చుట్ట అతని కంటి కొసన ఉంది.

"గరిటె దెబ్బ ఏదిరా?" అన్నాడు రంగనాయకులు.

"అదే నేనూ చూస్తున్నా మావా," అన్నాడు బాబి. "కోసేశారు."

"ఎవరు?"

"ఫోన్ కంపెనీవాళ్లు. మనది తక్కువ ప్యాక్. యాడ్లొచ్చేది. హాల్లో వేసిన అసలు సినిమా పెద్ద ప్యాక్ వాళ్లకి ఇచ్చుంటారు. మనకి ఇది పడేశారు."

"అంతే," అన్నాడు అంద్రెయ. "చూపు పోయిన అన్నని తీసేసి మంచుకొండలు పెట్టారు. చవకని!"

బాబి అప్పటికే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తున్నాడు. "అమ్మా, ఆ లారీ సినిమా ఉంది చూడండి, అందులో తలుపు మీద కొట్టే సీను ఏ ప్యాక్‌లో వస్తుందండి? అదేనండి, టంగ్ టంగ్, ఆగి టంగ్." అవతలి అమ్మాయి చాలాసేపు వెతికింది. పెద్ద ప్యాక్ తీసుకుంటే అన్నీ చూడొచ్చు సార్ అంది. బాబి జేబులోంచి కార్డు తీశాడు.

"ఒరే ఆగరా," అన్నాడు కోటయ్య.

కార్డు గాలిలోనే ఆగింది.

"ఏ ప్యాక్‌లోనూ ఉండదు. ఇంటర్వెల్‌కి బయటికొచ్చాం. మళ్లీ రానివ్వలేదు. తర్వాతది నేను చూళ్లేదు. కలిపా."

పాలెం కట్టుబాటు అందరికీ తెలుసు. కోటయ్య రంగనాయకులు మొహం కేసి చూడలేదు, నీళ్లకేసి చూశాడు. బోటు చీల్చిన నీరు వెనక మళ్లీ కలుసుకుంటోంది.

"అంటే ఆ గరిటె దెబ్బ..." అన్నాడు రంగనాయకులు.

"మనదే బావా."

"అనుకున్నా. లారీవాళ్లకి ఆ వరస ఎట్టా తెలుస్తుందా అని." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "చూడనిది చెప్పకూడదు. రూలు రూలే. కలిపావు. కాబట్టి ఇకనుంచి నీకు రెండో సగం బంద్."

"బంద్ అంటే?"

"ఏ సినిమాకెళ్లినా ఇంటర్వెల్ దాకానే చూడు. వచ్చేయ్. మిగతాది వాళ్లకి చేతకావట్లేదు."

బోటు గొల్లుమంది. ఒడ్డున కొంగలు లేచిపోయాయేమో కూడా. బాబి కార్డు జేబులో పెట్టుకుని, "మీ ప్యాక్ మాకొద్దండి, మా దగ్గర ఇంకా పెద్దదుంది" అని ఫోన్ పెట్టేశాడు.

కోటయ్య చెప్పిన వీడియోను బాబి నెట్‌లో పెట్టాడు. మర్నాటికే దాని నోరు మూసేశారు. మొదటి సగంలో కోటయ్య పాడిన పాటకు హక్కులు ఇంకెవరివోనట. "మీ ఆయన నోరు కంపెనీదంట పిన్నీ" అని బాబి చెబితే, వెంకాయమ్మ "ముందే చెబితే పెళ్లప్పుడే వాళ్లకి అప్పజెప్పేదాన్ని కదరా" అంది. అయినా ఆ సాయంత్రం పాలెమంతా ఇసుకలో చేరి మాట లేని ఆ వీడియోనే చూసింది. ఫోనులో కోటయ్య పెదాలు కదిలాయి, పక్కన కూర్చున్న కోటయ్య మాట్లాడాడు. అంద్రెయ గరిటె తెచ్చుకున్నాడు.

మొన్న తెనాలిలో మరో కొత్త సినిమా వచ్చింది. ఇంటర్వెల్‌కు హీరోయిన్ పడవ సుడిలో చిక్కుకుంది. దీపాలు వెలిగాయి. కోటయ్య, వెంకాయమ్మ లేచి గుమ్మం దాకా వచ్చారు.

"బయటికెళ్తే మళ్లీ రానివ్వరండి," అన్నాడు ఆ కుర్రాడే, ముందుజాగ్రత్తగా.

"తెలుసు నాయనా," అన్నాడు కోటయ్య.

మెట్ల మీద కూర్చున్నారు. ఎండ మెత్తబడి రోడ్డు మీద బంగారు పొట్టులా పరుచుకుంది. వెంకాయమ్మ డబ్బా మూత తీసి ఒక జంతిక అతని చేతిలో పెట్టింది.

"మరి ఆ పిల్ల ఒడ్డుకు చేరుతుందా?" అంది.

కోటయ్య జంతిక విరిచాడు. "ముందు సుడి సంగతి చూద్దాం," అన్నాడు.