ఇశ్రాయేలు మాస్టారి గేర్ ఆయిల్

మా ఇశ్రాయేలు మాస్టారికి ఏ వస్తువూ ఒక పట్టాన నచ్చదు. చెప్పులు కొనడానికి వెళ్తే కొట్టువాడు షట్టరు దించుకునేదాకా అటూ ఇటూ నడిచి చూస్తారు. గొడుగు కొనాలంటే వాన పడేదాకా ఆగుతారు. నందిగామలో మాకు లెక్కలు చెప్పినన్నాళ్లూ సుద్దముక్కలతో ఇదే గొడవ. బోర్డు దగ్గర నా లెక్క తప్పిందంటే చాలు, "ఆగరా బెన్నీ, ఈ ముక్క బాగాలేదు, గీరుతోంది" అని జేబులోంచి ఇంకోటి తీసి ఇచ్చేవారు. అదీ నచ్చక మరోటి. ఈలోగా నా లెక్క ఎలాగో వచ్చేసేది. సుద్దముక్కల మాస్టారని వెనకాల నవ్వుకునేవాళ్లం.

అలాంటి మనిషి రిటైరయ్యాక స్పోర్ట్స్ కారు కొన్నారు. పాతదే, ఎర్రది, రెండే సీట్లు. పైన టాపు లేదు, కింద స్పీడ్ బ్రేకర్ తగిలితే పొట్ట గీరుకుంటుంది. ఆయన భార్య బేబమ్మగారు దాన్ని చూసి, "మిరపకాయకి చక్రాలు పెట్టినట్టుంది. నేనెక్కితే దించడానికి నలుగురు కావాలి" అని లోపలికి వెళ్లిపోయారు.

నాకు నందిగామ సెంటర్లో కార్ల స్పేర్ పార్ట్స్ షాపుంది. కారు తోలడం మాత్రం రాదు. ఈ రెండో సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకుండా కాపాడుకుంటూ వస్తున్నాను.

కారు కొన్న ఏడాదికి ఒకరోజు పొద్దున్నే మాస్టారు షాపుకొచ్చారు.

"బెన్నీ, గేర్ ఆయిల్ చూపించు."

"ఏది కావాలండి?"

"ఏది మంచిది?"

"అన్నీ మంచివేనండి."

"అన్నీ మంచివైతే ఇన్ని రకాలెందుకురా? అది మామూలు కారు కాదు. గేరుబాక్సులో ఇత్తడి రింగులుంటాయి. నూనె మరీ జారుడైతే రింగు పట్టుకోదు, గేరు కరకరమంటుంది. మరీ చిక్కనైతే పొద్దున్నే రాడ్డు కదలదు. సెకండ్ గేరు పడితే పెనం మీంచి దోసె లేచినట్టు ఉండాలి."

డబ్బాల మీద రాసిందంతా పరీక్ష పేపర్లు దిద్దినట్టు చదివి, ఒకటి పట్టుకెళ్లారు. రెండు రోజుల్లో మళ్లీ వచ్చారు. "పాస్ మార్కులు కూడా రాలేదురా. ఇంకోటివ్వు." ఆ తర్వాత ఇంకోటి. దానికి గ్రేస్ మార్కులు కలిపినా లాభం లేకపోయిందట. చివరికి ఒకరోజు అసలు సమస్య బయటపెట్టారు.

"నేనే తోలుతుంటే చప్పుడు సరిగా వినపడట్లేదు. చెవి గేరు రాడ్డు దగ్గర పెట్టాలి. తోలడానికి ఇంకో మనిషి కావాలి. నువ్వొస్తావా?"

"షాపు వదిలి ఎక్కడికొస్తానండి" అన్నాను, చటుక్కున.

ఆయన నా మొహంలోకి చూసి, "సర్లే, ప్రేమకుమారిని పిలుస్తా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ప్రేమకుమారి మా వీధి ఏలీయా కూతురు. జగ్గయ్యపేటలో ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు ఆడపిల్లల వ్యానుకి లేడీ డ్రైవరే కావాలని ఆ పిల్లకి మాటిచ్చారు. నెలాఖరులోగా లైసెన్సు చూపించాలి. ఆ పిల్లేమో మొదటి టెస్టులోనే తప్పింది. సెకండ్ గేరు కరకరమనేసరికి చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ట్రాక్ మధ్యలోనే కారు దిగి, ఇంటికి నడిచొచ్చి, గేరు రాడ్డు జన్మలో ముట్టుకోనని పడుకుంది. మళ్లీ టెస్టుకి మూడు వారాలు కూడా లేదు.

"మాస్టారూ, ఉద్యోగం చేజారిపోద్దేమోనని ఆ పిల్ల ఏడుస్తావుంటే మీ నూనె పిచ్చిలోకి లాగుతారేంటండి?"

"నాకు నూనె ముఖ్యంరా" అన్నారు మాస్టారు, చాలా శాంతంగా.

ప్రేమకుమారి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. "తాతయ్యగారూ, నాకు రాదండి. నా చేతిలో రాడ్డు విరిగిపోద్దండి."

"నీకు రావడం, రాకపోవడం నాకనవసరం అమ్మా. నాక్కావలసింది నూనె చప్పుడు. నువ్వు ఊరికే గేర్లు మారుస్తావుండు, చాలు."

కారుకి ముందూ వెనకా ఎల్ బోర్డు కట్టారు. ఇదేంటండీ అంటే, "కొత్త నూనె కదరా, అది నేర్చుకుంటోంది" అన్నారు.

ఆ రోజు జగ్గయ్యపేటలో సామాను ఇచ్చే పనుండి నేను స్కూటర్ మీద వెనకాలే వెళ్లాను. చిల్లకల్లు దాటకముందే కారు కర్రుమంది. ఆగిపోయింది. ప్రేమకుమారి స్టీరింగ్ మీద తల పెట్టేసింది. కిందనుంచి మాస్టారి తల పైకి లేచింది.

"ఛీ, దరిద్రపు నూనె. మాటిమాటికీ ఇదే వరస. నీ తప్పేం లేదమ్మా. ఇంటికి తిప్పు, మార్చేద్దాం."

"నూనె వల్లేనంటారా అండి?"

"కాక మరేంటి?"

ఇక రోజూ ఇదే. పొద్దున కరకర, సాయంత్రం షెడ్డులో నూనె మార్పు, మర్నాడు మళ్లీ ప్రయాణం. నా షాపులో గేర్ ఆయిల్ పెట్టే అర ఖాళీ అయింది. "నా గిన్నెలు, నా కాఫీ వడకట్టే గుడ్డలు అన్నీ ఆ షెడ్డులోకే పోతన్నాయిరా బెన్నీ" అని బేబమ్మగారు వాపోయారు. వత్సవాయి రోడ్డు పక్క పత్తి తీసే ఆడవాళ్లకి రోజుకో వినోదం. మాస్టారు వంగి చెవి రాడ్డుకి ఆనించేసరికి వాళ్లకి ఆయన బట్టతల ఒక్కటే కనపడేది. ఏలీయా కూతురు పక్కసీట్లో గుమ్మడికాయ పెట్టుకుని ఎర్రకారు తోలుతోందని ఊరంతా చెప్పుకున్నారు.

ఆదివారం గుళ్లో పాస్టరుగారు ప్రార్థన విన్నపాలు అడిగారు. ఒకామె మోకాళ్ల నొప్పులంది. ఒకాయన పత్తి రేటన్నాడు. మాస్టారు లేచి, "నా కారుకి తగిన గేర్ ఆయిల్ దొరకాలని ప్రార్థన చేయండి" అన్నారు. అందరూ ఆయన వైపు తిరిగారు. పాస్టరుగారు మంచివారు. కళ్లు మూసుకుని, "ప్రభువా, మా మాస్టారి గేరుబాక్సుని..." అని మొదలుపెట్టి, అక్కడ ఆగిపోయారు. ఆడవాళ్ల వైపు నుంచి కిసుక్కున నవ్వు వినపడింది. చూస్తే ప్రేమకుమారి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని. టెస్టు తప్పాక ఆ పిల్ల నవ్వగా చూడడం నాకదే మొదలు.

టెస్టు రోజు నేను షాపు మూసేసి వెళ్లాను. మాస్టారు చేతిసంచితో ముందే వచ్చి నిలబడ్డారు. నవ్వడానికి పోయినసారి వచ్చిన మొహాలు కొన్ని మళ్లీ వచ్చాయి. ప్రేమకుమారి డ్రైవింగ్ స్కూలు కారెక్కింది. పక్కన బ్రేక్ ఇన్‌స్పెక్టరు కూర్చున్నారు. కారు కదిలింది. ఫస్ట్. నేను స్కూటర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. సెకండ్. చప్పుడు లేదు. ఎనిమిది ఆకారంలో చుట్టి, వెనక్కి తోలి, ఎత్తు మీద ఆపి, ఒక్క జానెడు కూడా వెనక్కి జారకుండా పైకెక్కించింది. నేను అరిచిన అరుపుకి పక్కనున్న గేదె బెదిరి పరుగెత్తింది.

ఇన్‌స్పెక్టరు దిగి, "బాగా తోలావమ్మా. ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు.

"నేర్చుకోలేదండి. నూనె టెస్టుకి తోలానండి" అంది ప్రేమకుమారి.

ఆ సంతోషంలో మాస్టారింటికి వెళ్లాను. షెడ్డులో నేనమ్మిన డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ సీలు తీయలేదు. పక్కన ఒక గిన్నె, దాని మీద నల్లబడ్డ కాఫీ గుడ్డ.

"ఇదేంటండి మాస్టారూ?"

"మెల్లగా మాట్లాడు. ఇవన్నీ మళ్లీ షాపులో పెట్టుకో."

"మరి రోజూ మార్చింది?"

"అదే నూనె. నేనే చూసి పోసింది, ఏడాదైంది. దించడం, వడకట్టడం, మళ్లీ పోయడం. బంగారం లాంటి నూనెరా, తొంభై మార్కులేశాను."

"మరెందుకండీ ఇంత రచ్చ?"

"కరకరమన్నప్పుడల్లా తప్పు తనదే అనుకుంటే ఆ పిల్ల మళ్లీ రాడ్డు పట్టుకోదురా. నూనెదనుకుంటే పట్టుకుంటది."

ఏడాదిగా తోలుతున్న కారులో, ఆ పిల్ల టెస్టు తప్పిన మర్నాడే నూనె ఎందుకు పాడైందో అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ వెంటనే సుద్దముక్కలు గుర్తొచ్చాయి. అన్నీ ఒకే డబ్బాలోవి. మొహం అటు తిప్పి డబ్బాలు సర్దుకుంటున్నట్టు నటించాను. ఇలాంటి మాస్టారు దొరికినందుకు నా మీద నాకే అసూయ పుట్టింది.

ఆదివారం సాక్ష్యం చెప్పడానికి ప్రేమకుమారి లేచింది. తన ఉద్యోగానికీ, మాస్టారికి మంచి నూనె దొరికినందుకూ దేవుడికి వందనాలంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మాస్టారే.

మర్నాడు పొద్దున్నే షాపు ముందు ఎర్రకారు ఆగింది.

"బెన్నీ, బ్రేక్ ఆయిల్ మీద అనుమానంగా ఉందిరా. నేను చెవి పెట్టి వినాలి. నువ్వు తోలాలి."

"షాపు..."

"మా ఆవిడ కూర్చుంటుందిలే." వెనకాలే నడిచొచ్చిన బేబమ్మగారు అప్పటికే నా కుర్చీలో కూర్చున్నారు.

"నాకు ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేదండీ" అని నోరు జారాను.

"తెలుసురా. నువ్వది తెచ్చుకునేదాకా ఆ నూనె పనికొస్తుందిలే."

ఆ మధ్యాహ్నమే ఎల్‌ఎల్‌ఆర్ కోసం బయల్దేరాను. దారిలో మాస్టారింటి దగ్గర ఆగి, షెడ్డులో ఒక బ్రేక్ ఆయిల్ డబ్బా పెట్టాను. దాని సీలు తీయరని నాకు తెలుసు.