బీరు కుళాయి మీది కొంగ ఎవరిది?

విశాఖలో మాకున్న చిన్న హోటల్లో డ్రాఫ్ట్ బీరు కౌంటరు పెట్టాలని నేనూ మా బావమరిదీ అనుకుని ఏడాది దాటింది. సీసా బీరు అమ్మడానికి ఫ్రిజ్ ఉంటే సరిపోతుంది. పీపాలోంచి పట్టి ఇచ్చే బీరుకి చల్లబరిచే యంత్రం కావాలి, గొట్టాలు కావాలి, కుళాయిలు కావాలి. ఆ కుళాయి నెత్తిన నిలబడి ఉండే పొడుగాటి పిడి కూడా కావాలి. గ్లాసు కింద పెట్టి దాన్ని ముందుకు లాగితే బీరు పడుతుంది. బార్లవాళ్ళు హ్యాండిల్ అంటారు. కొత్త యంత్రానికి లక్ష పైనే చెప్పారు. పిడి మాత్రం ఏ బీరు కంపెనీ అయినా ఊరికే ఇస్తుంది. అయితే దాని మీద వాళ్ళ బొమ్మ ఉంటుంది కనుక అది ఎన్నాళ్ళు మన కౌంటరు మీద ఉన్నా వాళ్ళదే. ఇంకో కంపెనీ బీరుకి మారితే విప్పి తిరిగి ఇచ్చెయ్యాలి. సొంతంగా చేయించుకుంటే ప్లాస్టిక్‌ది రెండు మూడు వందలు, చెక్కది వెయ్యికి అటూ ఇటూ, బయటి దేశాల నుంచి తెప్పించే లోహపుది నాలుగైదు వేలు అవుతుందని విచారిస్తే తెలిసింది. పిడిదేముందిలే అనుకుని అప్పుడు ఆ సంగతి పక్కన పెట్టేశాను. ఇంతలో కలకత్తాలో ఒక పాత బారు మూసేస్తున్నారని, యంత్రమూ మూడు కుళాయిలూ కలిపి ముప్ఫై ఎనిమిది వేలకు ఇస్తారని ఒక బ్రోకరు చెప్పాడు. యజమానురాలితో ఫోన్లో మాట్లాడి, అడ్వాన్సు పంపి, బయల్దేరాను.

సాయంత్రం విశాఖలో రైలెక్కితే పొద్దున్న తెల్లవారాక హౌరాలో దిగవచ్చు. స్లీపరు టికెట్టు ముందుగా తీసుకుంటే మూడు వందల లోపే. స్టేషను బయట ప్రీపెయిడ్ టాక్సీ వరుస పొడుగ్గా కనిపిస్తుంది గానీ త్వరగానే కదులుతుంది. పార్క్ స్ట్రీట్ వెనక సందుకి వంద రూపాయలు అడిగారు. వంతెన దాటిన కాసేపటికి టాక్సీ ఆగిపోయింది. డ్రైవరు బీహారు మనిషి. ఇంజను ఆపేసి, అద్దం దించి, బీడీ వెలిగించుకున్నాడు.

"ఊరేగింపు సాబ్. ఎర్రజెండాలవి," అన్నాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"చిన్నదైతే ఒక బీడీ. పెద్దదైతే మూడు. ఇప్పుడు ఎన్నికలు దగ్గర పడ్డాయి కదా, అవతలి పార్టీవాళ్ళది కూడా వెనకే వస్తుంది."

రెండు బీడీలు పట్టింది. పొద్దున్న పనులు పెట్టుకునేవాళ్ళు దీనికి ఒక గంట అదనంగా వేసుకోవాలి.

బారు కింది అంతస్తులో ఉంది. పొడుగాటి, చీకటి గది. కుర్చీలన్నీ గోడ వారగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. యజమానురాలు మిత్రా గారికి అరవై దాటి ఉంటాయి. భర్త పోయాక పదేళ్ళు తనే నడిపారట. భవనం అమ్ముడైపోయింది, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. యంత్రం ఆన్ చేసి నీళ్ళు పట్టి చూపించారు. బాగానే పనిచేస్తోంది. రెండు కుళాయిల మీద నల్ల ప్లాస్టిక్ పిడులున్నాయి. వాటి మీద కంపెనీ గుర్తు, ఒక కొంగ, అచ్చు వేసి ఉంది. మధ్య కుళాయి మీద మాత్రం పిడి లేదు. ఒట్టి మర బయటికి కనిపిస్తోంది.

"మూడోది?" అని అడిగాను.

ఆవిడ కౌంటరు వెనక నిలబడ్డ మనిషి వైపు చూశారు. అతను యాభై అయిదేళ్ళవాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, బారు మూసేసినా డ్యూటీకి వచ్చినవాడిలా ఉన్నాడు. చంకలో తువ్వాలు మూట ఉంది. నేను విశాఖ నుంచి వచ్చానని ఆవిడ చెప్పగానే తెలుగులోకి దిగిపోయాడు.

"మనోలేనా బాబూ! మాది సోంపేట కాడ. మా నాన్న ఓడల డాకులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోనాడు. నాను పుట్టింది ఏక్‌బాల్‌పూర్లోనే. నా పేరు సింహాచలం. ఈ కౌంటరు ఎనకాల ఇరవయ్యేళ్ళ పైనే సేసినాను."

తరువాత తువ్వాలు విప్పి చూపించాడు. మూరెడు పొడవున్న చెక్క కొంగ. మెడ కొద్దిగా వంచి, ముక్కు గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. చేతులు తగిలి తగిలి మెడ దగ్గర నున్నగా నల్లబడింది. గొప్ప శిల్పమని నేను అనను. ఒక రెక్క రెండోదానికంటే కాస్త లావుగా ఉంది. కానీ చూసిన చూపు వెంటనే తిప్పుకోలేకపోయాను.

"ఇది కుళాయితో రాదు బాబూ. కుళాయి బౌదీది. ఇది నాది."

బౌదీ అంటే వదినగారు. మిత్రా గారిని అతను అలాగే పిలుస్తాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని అసలు చిక్కు చెప్పారు. కంపెనీవాళ్ళు ఫోన్ చేశారట. మూడు పిడులూ అప్పగిస్తేనే మిగతా సామాను మీద తమకు హక్కేమీ లేదని కాగితం ఇస్తామన్నారట. ఆ కాగితం లేకుండా సామాను తీసుకుంటే నాకు మా ఊళ్ళో లైసెన్సు దగ్గర ఇబ్బంది. నేను తీసుకోకపోతే ఆవిడకి నెలాఖరులోగా ఇంకో మనిషి దొరకడం కష్టం.

"అది నువ్వు చేసిందేనని ఈ బారుకొచ్చిన ప్రతివాళ్ళకీ నేనే చెప్పాను సింహా. నేను చెబితే కంపెనీ వింటుందా?" అన్నారావిడ. నా వైపు తిరిగి, "ఆఫీసు న్యూ టౌన్‌లో ఉంది. అక్కడి ఆఫీసరు మీ తెలుగు అబ్బాయే. ఇద్దరూ వెళ్ళి అడగండి," అన్నారు.

న్యూ టౌన్ ఊరికి ఆ చివర. టాక్సీ మీటరుకి రెండు వందల యాభై దాకా అయింది. బైపాస్ దాటాక రోడ్డు వెడల్పవుతుంది. కొత్త భవనాల మధ్య ఇంకా చేపల చెరువులు మిగిలి ఉన్నాయి. దారిలో సింహాచలం కొంగ కథ చెప్పాడు. పది పన్నెండేళ్ళ కిందట ఒక క్రికెట్ మ్యాచి రోజున జనం మీద పడిపోతే ప్లాస్టిక్ పిడి విరిగింది. కంపెనీకి కబురు పెడితే రెండు నెలలు పడుతుందన్నారు.

"బోర్డు మీద కొంగ, కుళాయి మీద మేకు ఉంటే బాగుంటాదేటి బాబూ? డాకు కాడ పాత టేకు ముక్క ఒకటి దొరికినాది. ఇంట్లో కూకుని సెక్కినాను. తరవాత కంపెనీవోలు కొత్త ప్లాస్టిక్‌ది తెచ్చినారు గానీ దాదా ఒప్పుకోనేదు, ఎనక్కిచ్చీసినాడు. మా సింహా కొంగే ఉండాలన్నాడు."

దాదా అంటే అన్నగారు, ఇక్కడ మిత్రా గారి భర్త. పోయినవాడి పేరు రాగానే సింహాచలం కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

ఆఫీసులో మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నారు. ఎదురుగా భవనాలు కట్టే కూలీల కోసం వెదురు తడికల హోటలు ఉంది. అన్నం, పప్పు, చేప ముక్క కలిపి ముప్ఫై రూపాయలు. ఆ ప్రాంతంలో ఇంతకంటే మంచి భోజనం నాకు కనబడలేదు. సింహాచలం మూటని ఒళ్ళో పెట్టుకునే తిన్నాడు. వడ్డిస్తున్న ఆవిడ అది చూసి గరిటె ఆపేసింది.

"లోపల ఠాకూర్ ఉన్నాడా దాదా? దేవుణ్ణి ఒళ్ళో పెట్టుకుని చేపలు తింటున్నావేమిటి?"

"దేవుడు కాదు దీదీ, పక్షి."

"బతికున్నదా?"

"నిన్నటిదాకా పని చేసింది," అన్నాడతను బెంగాలీలో. ఆవిడకి ఏమీ అర్థమైనట్టు లేదు. ఇంకో గరిటె అన్నం వేసి వెళ్ళిపోయింది.

ఆఫీసరు పేరు శ్రీధర్. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి, కరీంనగర్ వైపు అబ్బాయి. మంచినీళ్ళు ఇచ్చి, మేము విప్పి తెచ్చిన రెండు ప్లాస్టిక్ పిడులూ తీసుకుని, చెప్పింది మొత్తం విన్నాడు. కొంగని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగ చేసినవు కాకా. కట్టె నీదే, పని నీదే, నేను కాదంటలేను. కానీ బొమ్మ కంపెనీది. ఎవరు చెక్కినా, దేని మీద చెక్కినా అది కంపెనీదే అయితది."

"మీ పలాస్టిక్‌వి రెండూ ఇచ్చేసినాను కదా బాబూ. మూడోది మీరు ఇచ్చింది కాదు కదా."

"మా లెక్కల మూడు కుళాయిలుంటే మూడు హ్యాండిళ్ళు. ఇంకోటి చూపిస్త ఆగు." బీరువా తెరిచి పాత క్యాలెండరు ఒకటి తీశాడు. "ఇగో, మా క్యాలెండర్ల కూడ ఎక్కింది. కంపెనీది కాకపోతే ఎట్ల ఎక్కుతది చెప్పు."

నిండా ఒకటే ఫొటో. నురుగు పొంగుతున్న గ్లాసు, పైన చెక్క కొంగ, దాని మెడ పట్టుకుని లాగుతున్న ఒక చెయ్యి. మనిషి లేడు, మణికట్టు దగ్గరే ఫొటో ఆగిపోయింది. ఆ చేతి చిటికెన వేలు పక్కకి వంకర తిరిగి ఉంది.

సింహాచలం తన కుడి చేతిని బల్ల మీద, ఆ ఫొటో పక్కన పెట్టాడు. వేలి వంకర అదే.

"ఐసు పెట్టె మీద పడి ఇరిగినాది," అన్నాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు. "కొంగ మీదైతే సెయ్యి కూడా మీదేనేటి బాబూ?"

శ్రీధర్ నవ్వబోయి ఆగాడు. ఫొటోనీ చేతినీ మార్చి మార్చి చూశాడు. "ఒక్క నిమిషం," అని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు. అద్దం అవతల అతను తిరుగుతూ మాట్లాడటం కనిపిస్తోంది. ఎంతోసేపు బతిమాలుతున్నట్టే ఉంది. తిరిగి వచ్చి కూర్చున్నాక మా మొహాలు చూడలేదు.

"లేదు కాకా. పెద్దసార్ ఒప్పుకుంటలేడు. రేపు అది ఎవరి చేతికన్నా పోయి, దాంతోటి ఇంకో కంపెనీ బీరు పోస్తే పంచాయితీ అయితదంటున్నడు. వెయ్యి రూపాయలు ఇప్పిస్తమన్నరు."

"అమ్మడానికి తేనేదు బాబూ."

సింహాచలం నా వైపు తిరిగాడు.

"కాయితం ఇయ్యకపోతే బౌదీ సామాను అమ్ముడవ్వదు కదా?"

"నేనైతే తీసుకోలేను. కానీ మీరు ఇవ్వనంటే నేను ఉత్త చేతులతో వెళ్ళిపోతాను, ఏమీ అనుకోను," అన్నాను. ఆ మాట మనసులోంచే వచ్చిందో, మర్యాదకి అన్నానో నాకిప్పటికీ తెలియదు. అతను ఇవ్వనంటే ఏం చేసేవాణ్ణో కూడా తెలియదు.

అతను తువ్వాలుతో కొంగని మెడ నుంచి కింది దాకా ఒకసారి తుడిచి బల్ల మీద నిలబెట్టాడు. "గోదాంలో పడేత్తారేటి?"

"అస్సలు పడెయ్య. ముందల రిసెప్షన్ల పెట్టిస్త. నా మాట."

అన్నట్టే వెంటనే తీసుకెళ్ళి, గాజు అరలో ఉన్న కప్పులు పక్కకి జరిపి పెట్టాడు. గోడ వైపు తిరిగి ఉందని సింహాచలం తనే చెయ్యి పెట్టి గుమ్మం వైపు తిప్పాడు. కాగితం నా చేతికొచ్చింది. మిత్రా గారికి ఫోన్ చేసి చెబితే ఆవిడ ముందు అడిగింది సామాను గురించి కాదు. "సింహా ఏమన్నాడు?" అని అడిగారు.

తిరుగు దారిలో అతన్ని ఇంటి దగ్గర దింపాను. న్యూ టౌన్ నుంచి ఏక్‌బాల్‌పూర్‌కి మూడు వందలు దాటింది, గంటకు పైగా పట్టింది. డాకుల వైపు లారీలతో రోడ్డు నిండిపోయి ఉంటుంది. టీ తాగకుండా వెళ్ళనివ్వలేదు. ఒకటే గది, ముందు చిన్న అరుగు. భార్య లచ్చమ్మ టీ గ్లాసు అందిస్తూ అతని చేతిలో ఒట్టి తువ్వాలు చూసింది.

"కొంగేదీ?"

"ఏసీ ఆఫీసులో పన్లో ఎట్టి వచ్చినాను. దానికి పని దొరికినాది. ఇంక నాకే దొరకాల."

ఆమె ముందు పకపకా నవ్వింది. తరువాత అతని మొహం చూసి, గ్లాసు కింద పెట్టి, ఆ తువ్వాలు తీసుకుని మడత పెట్టింది. చాలాసేపు పెట్టింది.

మా హోటలుకి మూడు పిడులు చేసిపెట్టమని, కొంగ వద్దు, ఏ బొమ్మైనా ఆయన ఇష్టమని, ఒక్కోదానికి రెండు వేలు ఇస్తానని అడిగాను. జాలితో అడిగిన మాట కాదు. నాకు అవసరమే.

"నాకు రాదు బాబూ," అన్నాడు. "ఆ రోజు బీరు ఆగిపోకూడదనీసి సేసినాను. అంతే గానీ సెక్కడం నా పని కాదు." ఇంకోసారి అడగలేదు.

సాయంత్రం బారుకి వెళ్ళి, మిగతా డబ్బు ఇచ్చి, యంత్రాన్నీ కుళాయిల్నీ లారీ పార్శిల్లో వేయించాను. విశాఖకి పన్నెండు వందలు తీసుకున్నారు. వారంలో చేరింది. మా ఊళ్ళో లేతు పనివాడి దగ్గర సాదా చెక్క పిడులు మూడు తిప్పించాను. ఒక్కోటి ఆరు వందలు. బొమ్మ లేదు, పేరు లేదు. కౌంటరు బాగానే నడుస్తోంది. చట్టం ప్రకారం శ్రీధర్ చెప్పింది సరైనదేనని తెలిసిన వకీలు కూడా అన్నాడు. బొమ్మ ఎవరిదో వాళ్ళకి హక్కు ఉంటుందట. చెక్కినవాడి సంగతి, ఏళ్ళ తరబడి లాగినవాడి సంగతి అడిగితే, అది వేరే విషయం అన్నాడు. వేరే విషయమే కావచ్చు. ఆ రోజు ఆ గదిలో ఉన్న మేము ముగ్గురమూ కొంగ ఎవరిదో తెలిసినవాళ్ళమే. అయినా అది అక్కడే ఉండిపోయింది.

మీలో ఎవరైనా వాడిన డ్రాఫ్ట్ బీరు సామాను కొనడానికి వెళుతుంటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ధర మాట్లాడుకునేటప్పుడే ప్రతి పిడీ ఎవరిచ్చారో, ఎవరు చేశారో అడిగి తెలుసుకుని, కంపెనీ నుంచి కాగితం వచ్చిందని అమ్మేవారు చెప్పాకే రైలు టికెట్టు తీసుకోండి.